తొమ్మిది శాతం

డాక్టర్ రామచంద్రన్ గదిలో గోడ కనిపించేది కాదు. శాలువాలు కప్పించుకున్న ఫోటోలు, చట్రాలు కట్టించిన ప్రశంసాపత్రాలు, ఏవో విదేశీ సభల్లో మెడలో వేసిన చీటీలు, అన్నీ మేకులకు వేలాడుతుండేవి. కోవిల్‌పట్టిలోని ఆ ప్రైవేటు కాలేజీకి ఎవరు వచ్చినా ప్రిన్సిపాల్ ముందు ఆ గదికే తీసుకొచ్చి, నూట నలభై రెండు పరిశోధనా పత్రాలు రాసిన మనిషి అని చెప్పేవాడు. ఆ నూట నలభై రెండింటిలో ఏముందో ప్రిన్సిపాల్‌కు తెలియదు. ముత్తుసెల్వికి తెలుసు. అన్నింట్లోనూ ఉన్నది ఒకటే.

ఏదో ఒక తొక్కో, చిప్పో, పుల్లో తీసుకోవాలి. ఊళ్ళో వేరుశనగ మిఠాయి చేసేవాళ్ళు పారేసే తొక్క అయినా సరే, పత్తికట్టె అయినా సరే. దాన్ని కాల్చి బొగ్గు చేసి పొడి కొట్టాలి. స్వేదనజలంలో మెథిలీన్ బ్లూ అనే నీలం రంగు చిటికెడు కలపాలి. అందులో బొగ్గుపొడి వేసి గంటసేపు గిలక్కొట్టి వడగట్టాలి. నీలం పోయి నీళ్ళు తేటపడతాయి. తొంభై ఎనిమిది శాతం రంగు పోయిందని రాయాలి. బట్టల పరిశ్రమలు వదిలే విషపు రంగుల నుంచి మానవాళిని కాపాడే చవకైన మార్గం ఇదేనని చివర ఒక వాక్యం తగిలించాలి. తర్వాత ఇంకో తొక్క.

ముత్తుసెల్వి ఆయన దగ్గర నాలుగో ఏడు పరిశోధన చేస్తోంది. ముప్పై ఏళ్ళు. సొంతూరు నాగలాపురం. తండ్రి తిరుమలసామి వానలు పడితే పత్తి, మినుము వేస్తాడు, వానలు లేని నెలల్లో సీమకరువేలం ముళ్ళచెట్లు కొట్టి మట్టి కప్పిన మూటం పేర్చి బొగ్గు కాలుస్తాడు. ఆమెకు ఇచ్చిన పదార్థం ఆ బొగ్గే. "నీకైతే ఇంట్లోనే దొరుకుతుంది కదా," అన్నాడు రామచంద్రన్ మొదటిరోజు. ఆ మాట ఆమెకు అప్పట్లో గౌరవంగానే వినిపించింది. రెండేళ్ళలో రెండు పత్రాలు వచ్చాయి. రెండింటిలోనూ ఆమె పేరు ముందు, సారు పేరు వెనక, మధ్యలో ఆమె ఎన్నడూ చూడని నలుగురి పేర్లు.

మూడో ఏడు ఆమెకొక సందేహం కలిగింది. మెథిలీన్ బ్లూ ఎవరు వాడతారు? విరుదునగర్ చుట్టుపక్కల నూలుకు రంగువేసే షెడ్లు నాలుగైదు ఉన్నాయి. కోవిల్‌పట్టి నుంచి అక్కడికి పాసింజరులో గంట ప్రయాణం. ఇన్నేళ్ళలో ఆ గదిలోంచి ఒక్కరైనా ఆ గంట ప్రయాణం చేసినట్టు లేదు. ఒక శనివారం ఆమె ఖాళీ డబ్బా పట్టుకుని రైలెక్కింది.

విరుదునగర్ శివార్లలో ఉన్న ఆ షెడ్డు చెల్లదురైది. లుంగీల నూలుకు ఎరుపు, మెరూన్, నలుపు వేస్తారు. నాలుగు తొట్లు, ఆవిరి, తూత్తుకుడి నుంచి వచ్చిన ఉప్పు బస్తాలు గోడవారన పేర్చి ఉన్నాయి. తొట్ల దగ్గర పనిచేసే తంగరాజ్‌కు నలభై దాటి ఉంటాయి. మోచేతుల వరకు చర్మం ఎర్రగా, పొలుసులుగా ఉంది. ఆమె వచ్చిన పని విని అతను డబ్బా అందుకుని తిప్పి చూశాడు.

"ఇంతకుముందు ఎవరూ రాలేదమ్మా ఇట్లా," అన్నాడు తమిళంలో. "నీళ్ళు పారేయాలని వచ్చినవాళ్ళే గాని, నీళ్ళు కావాలని వచ్చినవాళ్ళు లేరు."

"ఏ నీళ్ళు ఎక్కువ చెడ్డవి?"

"మొదటి తొట్టివి. నూలు పట్టుకోని రంగంతా అందులోనే ఉంటుంది. ఉప్పు, సోడా, అంతా అందులోనే. తర్వాత కడిగిన నీళ్ళు కాస్త నయం. కానీ అన్నీ ఒకే కాలువలో కలిపేస్తాం కదా, చెడ్డదేమిటి, మంచిదేమిటి."

ఆ కాలువ షెడ్డు వెనకనున్న వాగులోకి పోతుంది. అక్కడివాళ్ళు దాన్ని ఓడ అంటారు. పేరుకే ఏరు, ఏడాదిలో పది నెలలు అందులో పారేది చెల్లదురై రంగే. దిగువన రెండు బావుల్లో నీళ్ళు గులాబీరంగుకు తిరిగాయని తంగరాజే చెప్పాడు.

ఆ డబ్బాలోని నీళ్ళను ముత్తుసెల్వి మూడుసార్లు పరీక్షించింది. పోయిన రంగు నూటికి తొమ్మిది. మళ్ళీ చేస్తే ఎనిమిది. మళ్ళీ తొమ్మిది. తండ్రి బొగ్గు ఆ ఎర్రనీళ్ళలో గంటసేపు తిరిగి, అంటీ ముట్టనట్టు అడుక్కు దిగిపోయింది. కారణం పెద్ద రహస్యం కాదు. మెథిలీన్ బ్లూ బొగ్గును చూడగానే అతుక్కునే రకం. నూలుకు వేసే రంగులు ఆ బొగ్గును విదిలించుకుని నీళ్ళలోనే ఉండిపోయే రకం. ఏది సులువో దాన్ని ఎంచుకుని, కష్టమైనదాన్ని జయించామని నూట నలభై రెండుసార్లు రాశారు.

ఆ పట్టిక తీసుకుని సారు దగ్గరికి వెళ్ళింది. రామచంద్రన్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు.

"ఇది ఎవరు చేయమన్నారు?"

"నేనే చేశాను సార్. అసలు నీళ్ళు ఎట్లా ఉంటాయో చూద్దామని."

"అసలు నీళ్ళలో నూరు రకాల చెత్త ఉంటుందమ్మా. అందులో ఏం తేలుతుంది? శాస్త్రమంటే శుద్ధంగా ఉండాలి. ఈ పట్టిక థీసిస్‌లో వద్దు." కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. "చింతగింజ మీద ఎవరూ చేయలేదు, అది చూడు."

ఆమె ఆ కాగితాన్ని నోటుపుస్తకంలో పెట్టుకుంది. ఆ ప్రశంసాపత్రాలు, ఆ ఫోటోలు చూసి చేతులు కట్టుకునేవాళ్ళంటే ఆమెకు వెగటు పుట్టింది. దానికన్నా పెద్ద వెగటు, ఆ చేతులు కట్టుకున్నవాళ్ళలో తానూ ఉండటం. ఆమె మొదటి పత్రాన్ని అప్పటికే అరవైమంది తమ పత్రాల్లో ఉదహరించారు. ఆ అరవైమందీ తలా ఒక తొక్క కాల్చినవాళ్ళే.

ఆ వేసవిలో బావులు చెడినవాళ్ళు కలెక్టరాఫీసుకు అర్జీ పెట్టారు. జూలైలో చెల్లదురైకి నోటీసు వచ్చింది. ఆరు వారాల్లో నీళ్ళు శుద్ధి చేసే ఏర్పాటు చూపించాలి, లేకపోతే షెడ్డు మూయాలి. చెల్లదురైకి కావలసింది శుద్ధి కాదు, చూపించడం. రామచంద్రన్‌కు కావలసింది నూట నలభై మూడో పత్రం, దానితో ఒక ప్లాంటు ఫోటో. ఇద్దరినీ కలిపింది కాలేజీ ఛైర్మన్. వాళ్ళు ఒకరినొకరు వెతుక్కుంటూ పుట్టినట్టు కలిసిపోయారు. మనిషిన్నర ఎత్తు ఇనుప స్తంభాలు మూడు చేయించి, వాటి నిండా బొగ్గు నింపి, పైనుంచి నీళ్ళు వదలాలి. బొగ్గు ఎవరిది? తిరుమలసామిది.

లారీకి బొగ్గు ఎత్తుతున్న రోజు ముత్తుసెల్వి నాగలాపురంలోనే ఉంది. తిరుమలసామి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ కూతురి పక్కన కూర్చున్నాడు. ఇంట్లో వాళ్ళది తెలుగే, గడప దాటితే తమిళం.

"ఏమ్మా సెల్వీ, ఈ బొగ్గు ఆ రంగంతా పీలుస్తాదా?"

"పీల్చదు నాయనా."

"పీల్చదా?"

"నూటికి తొమ్మిది పీలుస్తాది."

ఆయన లారీ వైపు చెయ్యి చూపించాడు. "మరి ఏంటికి కొంటుండారు?"

"ఫోటోకి."

"ఆ సారు సదువుకున్నోడే గదా. ఆయనకి తెలీదా?"

"తెలుసు. నేనే చూపిస్తిని. సూడనట్ల ఉండాడు."

"నీవు చెప్పకుండా ఉండావా మరి?"

"ఎవురికి చెప్పేది నాయనా? అడిగినోల్లు లేరు."

తిరుమలసామి లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు. "నేనూ వస్తాను ఆ ఫోటో తీసే పొద్దుకి. నా బొగ్గుకి ఏం మర్యాద సేస్తారో సూడాల." 

ప్రారంభోత్సవం ఆగస్టు చివర, ఆవణి నెలలో ఒక మంచిరోజు చూసి పెట్టారు. షెడ్డు ముందు షామియానా, ఫ్లెక్సీ మీద రామచంద్రన్ నిలువెత్తు బొమ్మ, స్తంభాలకు ఆకుపచ్చ రంగు, మామిడి తోరణాలు. ఆ రోజుకు తొట్లు ఆపేశారు. కాలేజీ నుంచి బస్సులో పిల్లలను తెచ్చి కూర్చోబెట్టారు. ముందు వరసలో ఛైర్మన్, ప్రిన్సిపాల్, చెల్లదురై బంధువులు. చివరి కుర్చీలో కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీరు, కార్తిక అనే ఆమె. ఎండన పడి జీపులో వచ్చి, కప్పబోయిన శాలువాను చేతిలోకి తీసుకుని మడిచి పక్కన పెట్టింది. తిరుమలసామిని అందరికన్నా వెనక, గోనెసంచుల దగ్గర కూర్చోబెట్టారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

స్తంభాల పైనున్న గాజుతొట్టిలో నీళ్ళు ముచ్చటైన నీలంగా మెరుస్తున్నాయి. పొద్దున్నే ముత్తుసెల్వి చేతనే కలిపించారు. కొళాయి నీళ్ళు, మెథిలీన్ బ్లూ ఒక చెంచాడు. రామచంద్రన్ మీట తిప్పాడు. కాసేపటికి కింద గొట్టంలోంచి తేట నీళ్ళు వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన స్టీలు గ్లాసు పట్టి, నింపి, కెమెరాల వైపు తిరిగి గుటగుటా తాగేశాడు. మళ్ళీ చప్పట్లు. ఛైర్మన్ కళ్ళు తుడుచుకున్నాడు.

కార్తిక కుర్చీలోంచి లేచి స్తంభం దగ్గరికి వచ్చింది.

"చెల్లదురై గారూ, మీ షెడ్డులో నీలం ఎప్పుడు వేశారు?"

"నీలమా? మేం ఎరుపు, మెరూన్, నలుపు మేడమ్. లుంగీ నూలు."

"అయితే ఇదెక్కడిది?"

రామచంద్రన్ ముందుకొచ్చాడు. "ఇది మోడల్ డై మేడమ్. పరిశోధనలో ముందు ఒక నమూనా తీసుకుంటాం."

"నమూనా చూశాను సార్. చాలా బాగుంది. ఇప్పుడు వీళ్ళ తొట్టి నీళ్ళు పోయండి."

"దానికి కొంత సిద్ధం చేసుకోవాలి. మూడు వారాలైనా పడుతుంది. అయినా ఫలితాలన్నీ మా దగ్గర ఉన్నాయి, నా స్కాలర్ వివరిస్తుంది." ఆయన తల తిప్పి నవ్వుతూ చూశాడు. "ముత్తుసెల్వీ, మేడమ్‌కు చెప్పమ్మా."

ఇన్నాళ్ళుగా ఆమె మనసులో ఎన్ని ఉపన్యాసాలు దంచిందో లెక్కలేదు. ఇప్పుడు ఒక్కటీ గుర్తురాలేదు. అవసరమూ పడలేదు. ఆ నవ్వు చూస్తే చాలు, కాదనగలదన్న అనుమానమైనా ఆయనకు లేదని తెలిసిపోయింది.

"తొమ్మిది శాతం మేడమ్," అంది.

"ఏం తొమ్మిది?"

"ఈ షెడ్డు నీళ్ళలోంచి ఈ బొగ్గు తీసే రంగు. మూడుసార్లు చేశాను. తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది."

ప్రిన్సిపాల్ ఎందుకో చప్పట్లు మొదలుపెట్టి, ఎవరూ కలవకపోవడంతో చేతులు తుడుచుకున్నాడు.

"సార్ సెలవిచ్చారు, స్కాలర్ చెప్పింది," అంది కార్తిక. "నాకు కంటితో చూడాలని ఉంది. పంపు వేయండి."

చెల్లదురై తంగరాజ్ వైపు చూశాడు. వద్దని సైగ చేద్దామనుకున్నాడో ఏమో, తంగరాజ్ ఆ చూపు అందుకోలేదు. నేరుగా వెళ్ళి కాలువలోని పంపు వేశాడు. నిన్నటి మెరూన్ నీళ్ళు పైతొట్టిలోకి ఎక్కాయి. కింద గొట్టంలోంచి ముందు కాస్త తేటనీరు, తర్వాత లేత గులాబీ, పది నిమిషాలకు పైన ఏ రంగో కిందా అదే రంగు. అదే మెరూన్, అదే నురగ, అదే వాసన. మధ్యలో ఉన్న ఆరు టన్నుల బొగ్గు, మామిడి తోరణం, ఆకుపచ్చ పెయింటు దాన్ని ఏమీ చేయలేదు.

తంగరాజ్ ఇందాకటి స్టీలు గ్లాసును కడిగి తెచ్చాడు. గొట్టం కింద పట్టి అంచుదాకా నింపాడు. రామచంద్రన్ ముందున్న బల్ల మీద మర్యాదగా పెట్టి వెనక్కు తప్పుకున్నాడు.

గోనెసంచుల దగ్గరి నుంచి తిరుమలసామి గొంతు వినిపించింది, తెలుగులో, పొలంలో మాట్లాడినంత నెమ్మదిగా. "సెల్వీ, ఇదీ ఒక గుక్క తాగమని సారుకి చెప్పుమా. బొగ్గు నాదే, బయపడొద్దను."

"పెద్దాయన ఏమంటున్నారు?" అని చెల్లదురై అడిగాడు.

"బొగ్గు మేలురకమని అంటున్నారు," అంది ముత్తుసెల్వి.

రామచంద్రన్ ఆ రోజు ఇంకేమీ తాగలేదు. ఛైర్మన్ భోజనాలకు లేవగానే వెంట వెళ్ళిపోయాడు. కార్తిక మాత్రం ముత్తుసెల్వి నోటుపుస్తకంలోని ఆ పేజీని ఫోనులో ఫోటో తీసుకుని, తేదీ కింద సంతకం పెట్టించుకుని, భోజనం చేయకుండా జీపెక్కింది. మర్నాడే షెడ్డుకు సీలు పడింది.

సోమవారం రామచంద్రన్ ఆమెను పిలిచాడు. కోప్పడలేదు, జాలిపడ్డాడు.

"నీ ఆర్నెల్ల రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేను. పరిశోధనకు కావలసిన మనస్తత్వం నీకు లేదమ్మా. సభలో ఎట్లా మాట్లాడాలో తెలియాలి."

"సరే సార్. ఆ రెండు పత్రాల నుంచి నా పేరు తీయించండి."

ఆయన నిజంగానే నవ్వాడు. "అచ్చయిన పేరు ఎవరన్నా తీస్తారా? అందుకోసం జనం కాళ్ళు పట్టుకుంటారు."

ఆమె తనే జర్నళ్ళకు రాసింది. ఫిర్యాదు అందిందని, పరిశీలనలో ఉందని ఒక నంబరు వచ్చింది. నాలుగు నెలలకు రామచంద్రన్ నూట నలభై మూడో పత్రం అచ్చయింది. విరుదునగర్‌లో క్షేత్రస్థాయి ప్లాంటు, తొంభై ఎనిమిదిన్నర శాతం. ఫోటోలో ఆకుపచ్చ స్తంభాలు, నీలం నీళ్ళు, గ్లాసు ఎత్తిన రామచంద్రన్. ఆమె పేరు మూడో స్థానంలో ఉంది, అడగకుండానే. దానికీ ఒక ఫిర్యాదు పంపింది. దానికీ ఒక నంబరు వచ్చింది.

కానీ అది తర్వాతి సంగతి. సీలుపడిన పదో రోజున చెల్లదురై నుంచి ఫోను వచ్చింది.

"పనిచేయదని నువ్వే కదా చెప్పావు. పనిచేసేది ఏదో కూడా నువ్వే చెప్పు. కాలేజీలో నీకింక పని లేదట కదా."

ఆ మాటతీరుకు ఫోను పెట్టేయాలనిపించింది. కానీ అడగవలసిన ప్రశ్న అడిగిన మొదటి మనిషి, ఎంత దుర్బుద్ధితో అడిగినా, ఇతనే. నెలజీతానికి ఒప్పుకుని ఆమె మళ్ళీ పాసింజరెక్కింది. నీళ్ళు శుద్ధి చేసి చూపించడానికి మండలి ఒక్క తొట్టికి తాత్కాలికంగా అనుమతి ఇచ్చింది.

మొదటి మార్పు తంగరాజ్ చెప్పినదే. మొదటి తొట్టి నీళ్ళు వేరుగా, కడిగిన నీళ్ళు వేరుగా పట్టాలి. నూట నలభై రెండు పత్రాల్లో ఎక్కడా లేని ఆ సంగతి, రెండు కాలువలు తవ్వితే అయిపోయింది. తర్వాత ఆరు గాజుకుప్పెల్లో ఆరు పాళ్ళలో మందులు కలిపి చూడటం. సున్నం, అన్నభేది అనే ఇనుప లవణం. అన్నభేది వేయగానే నీళ్ళు బురదలా ముదురు పచ్చబారి, సున్నం పడగానే రంగు తునకలు తునకలుగా విరిగి అడుక్కు దిగుతుంది. పైన తేట మిగులుతుంది. ఏ రోజు ఏ రంగు వేశారో దాన్ని బట్టి పాళ్ళు మారతాయి. కాబట్టి రోజూ కుప్పెలతో చూడాలి, రోజూ రాసుకోవాలి.

చెల్లదురై పెదవి విరిచాడు. "సున్నం, అన్నభేది. ఇందులో కొత్తేముంది?"

"ఏమీ లేదు."

"మరి ఇన్నాళ్ళు ఎందుకు ఎవరూ చెప్పలేదు?"

"మీరు అడిగింది ఫోటో కదా. ఇది ఫోటోకు బాగుండదు."

నిజంగానే బాగుండదు. తొట్టి అడుగున రంగుల అడుసు చేరుతుంది. అది విషమే. ఎండబెట్టి, సంచులకెత్తి, ప్రమాదకర వ్యర్థాల యార్డుకు పంపాలి. తంగరాజ్‌కు, ఇంకో ఇద్దరికీ మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు తెచ్చేదాకా ఆమె పంపు వేయనివ్వలేదు. చెల్లదురై మూడురోజులు సణిగి, నాలుగోరోజు తెప్పించాడు. స్తంభాల్లోని బొగ్గు తనకు తిరిగి ఇచ్చేయమని తిరుమలసామి కబురు పంపాడు, ఏమీ పీల్చలేదు కదా అని. ముత్తుసెల్వి ఒప్పుకోలేదు. సోడానీళ్ళలో నానిన బొగ్గు పొయ్యిలో పెట్టడానికి పనికిరాదని అదీ అడుసుతోపాటే పంపించింది.

అక్టోబరు మొదట్లో, పురట్టాసి నడిమికల్లా నీళ్ళు తేటపడ్డాయి. ఎర్రటి నీళ్ళు పోసినచోట కళ్ళముందే బావినీళ్ళలాంటి నీళ్ళు. ముత్తుసెల్వి గర్వం ఆపుకోలేక ఒక సీసాడు పట్టుకుని నాగలాపురం వెళ్ళింది. తండ్రికి చూపించాలి.

తిరుమలసామి సీసాను ఎండకు ఎత్తి చూశాడు. మూత తీసి వాసన చూశాడు. కూతురు వద్దనేలోపే వేలు ముంచి నాలుకకు రాసుకుని, పక్కకు తిరిగి ఉమిశాడు.

"ఉప్పు, ఉప్పు. ఇది తూత్తుకుడి ఉప్పుపాతి నీల్లు గదమ్మా."

"ఉప్పు పోలేదు నాయనా. రంగు పోయినాది."

"అదే చెప్తుండాను. రంగు ఉండేటప్పుడు సూసినోడు ఎవుడూ పారించడు. ఇది సూస్తే నేనే పారిస్తాను. మన కరిసల్ నేలకి రెండేండ్లు ఈ నీల్లు పెడ్తే, రాయి ఐపోతాది. నాగలి దిగదు." సీసాను ఆమె చేతిలో పెట్టాడు. "ఆ సారు నీలం పోస్తే తెల్లగా వచ్చె. నీకి ఎరుపు పోస్తే తెల్లగా వచ్చె. ఏం మారింది?"

ఆ నల్లరేగడి మీదే పుట్టి పెరిగి, ఆ మాట ఆయన నోటినుంచి వినవలసి వచ్చినందుకు ఆమె సిగ్గుపడింది. ఉప్పు సంగతి ఆమెకు తెలియక కాదు. పుస్తకంలో రోజూ అంకె రాస్తూనే ఉంది. రంగు పోయిందన్న సంబరంలో, ఆ అంకెను పక్క పేజీకి తోసేసింది. రామచంద్రన్ కూడా మొదట్లో అట్లాగే ఒక పట్టికను పక్కకు తోసి ఉంటాడు. తిరుగుబస్సులో దూరాన గాలిమరల మీదుగా పొద్దు వాలుతుంటే, ఆమె ఇన్నాళ్ళుగా ఇతరుల మీద పోసిన హేళన అంతా తన మీదే పోసుకుంది. 

కార్తిక నమూనాలు తీయడానికి వచ్చే రోజు పొద్దున్న, షెడ్డు వెనక ఒక నీళ్ళ ట్యాంకరు చివరి తొట్టి వైపు వెనక్కు వస్తూ కనిపించింది. చెల్లదురై దగ్గరుండి పైపు పట్టిస్తున్నాడు.

"ఇదెందుకు?"

"రంగు ఎట్లాగూ పోయింది. కాస్త మంచినీళ్ళు కలిపితే ఉప్పు కూడా పోయినట్టే. అందరూ చేసేదే. నీ కష్టం వృథా కాకూడదనే నా తాపత్రయం."

"కలపండి. మేడమ్ రాగానే ఎన్ని లీటర్లు కలిపారో నేను చెప్తాను."

"నా జీతం తింటూ నా షెడ్డు మూయిస్తావా?"

"మీ షెడ్డు తెరిపించింది ఎవరు?"

ట్యాంకరు డ్రైవరు తల బయటపెట్టి, పొయ్యాలా వద్దా అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పకపోతే ఇంజను ఆపేసి బీడీ ముట్టించుకున్నాడు. కార్తిక జీపు వచ్చేసరికి అక్కడే ఉన్నాడు. ఆమె ట్యాంకరును చూసింది, చెల్లదురైని చూసింది, సీసాలు నింపుకుంది. ముత్తుసెల్వి ఉప్పు అంకెలున్న పేజీ తనే తెరిచి ఇచ్చింది.

ఉత్తరువు వారానికి వచ్చింది. రంగు పరిమితిలో ఉంది. ఉప్పు పరిమితికి మూడింతలు. చుక్క నీరు ఓడలోకి వదలకూడదు.

"కంటికి కనబడని దానికి కూడా ఏడుపేనా," అన్నాడు చెల్లదురై.

"ఆ బావులవాళ్ళు ఏడుస్తారు, కనబడేటప్పటికి ఆలస్యమై."

ఆమె చెప్పిన దారి అతనికి ఇంకా నచ్చలేదు. షెడ్డు పక్కనున్న ఖాళీ జాగాలో ఉప్పుమడుల్లాంటి లోతులేని పాతులు కట్టి, అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, ఉప్పునీళ్ళను ఎండకు ఎండబెట్టడం. విరుదునగర్‌లో ఎండకు కొదవ లేదు. కానీ ఉన్న జాగాలో ఎండే నీళ్ళు ఒక్క తొట్టివి మాత్రమే. అంటే నాలుగు తొట్లలో మూడు బోర్లించి పెట్టుకోవలసిందే. ఉప్పును వడగట్టే యంత్రం కొనేదాకా అంతేనని ఆమె చెప్పింది. అతను వేరే నిపుణులను పిలిపించాడు. ఒకాయన సూట్‌కేసులో అరటితొక్కల పొడి తెచ్చాడు. ముత్తుసెల్వి ఆయనకు కుర్చీ వేయించి, ఒక చెంబుడు మెరూన్ నీళ్ళు ముందు పెట్టించింది. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. చివరికి పాతులు కట్టారు. ఓడలోకి పోయే గొట్టం నోటికి తంగరాజ్ రాళ్ళు కూరి సిమెంటు పూశాడు.

నవంబరు మొదట్లో, ఐప్పసిలో, వాన పట్టుకుంది. రెండు రోజులకే పాతులు అంచులదాకా నిండాయి. ఇక ఎండేది లేదు, పోసే చోటు లేదు. ముత్తుసెల్వి మిగిలిన ఒక్క తొట్టినీ ఆపించింది.

చెల్లదురై గొడుగు వేసుకుని వచ్చి పాతు గట్టు మీద నిలబడ్డాడు. వెనక ఓడ నిజంగానే ఏరులా ఎర్రమట్టి నీళ్ళతో పొంగుతోంది.

"ఇంత వరదలో ఇదొక లెక్కా. నాలుగు దెబ్బలేస్తే ఆ సిమెంటు ఊడుతుంది. ఎవరికి తెలుస్తుంది చెప్పు."

"నాకు," అంది ముత్తుసెల్వి. "తంగరాజ్ అన్నకు. సాయంత్రానికి మేడమ్‌కు."

"ఎన్నాళ్ళిట్లా తొట్లు ఎండబెట్టుకుని కూర్చోవాలి?"

"వాన ఆగేదాకా. తర్వాత ఎండ కాయాలి."

అతను గడ్డపార ఎక్కడుందని తంగరాజ్‌ను అడిగాడు. తనకు తెలియదన్నాడు తంగరాజ్, దానిమీదే చెయ్యి ఆనించి నిలబడి. చెల్లదురై ఇద్దరి వైపూ చూసి, ఆకాశాన్ని తిట్టుకుంటూ కారు దగ్గరికి నడిచాడు. షెడ్డు పంతొమ్మిది రోజులు మూతపడి ఉంది. ఇరవయ్యో రోజున ఎండ వచ్చింది. ముత్తుసెల్వి పాతుల్లో కర్ర గుచ్చి లోతు చూసి, ఇంకా ఎక్కువే ఉందని చెప్పి, మరో ఆరు రోజులు ఆపించింది.